చిన్నాయన వరుస

పోయిన వారం మనం సరోజమ్మను మార్కాపురం పలకల కంపెనీ వరండాలో, చెక్కబల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ అక్కడే కూర్చుని ఉంది. పక్కన గురుస్వామి. లోపల కొత్త మేనేజరు. మధ్యన సగం మూసిన తలుపు.

మధ్యలో ఈ కథ అందుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. సరోజమ్మది పుల్లలచెరువు అవతల, నల్లమల అంచున ఉన్న క్రైస్తవుల పాలెం. కూలి చేసుకు బతికే ఇల్లు. మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, అక్కడి ఆడపిల్లల హాస్టల్లోనే వార్డెనమ్మకు సాయంగా కుదిరింది. ఒక సాయంత్రం చేసిన పనికి ఆ కొలువు పోయింది. తండ్రి సాగరం ఆనకట్ట పనికి ఎప్పుడో వెళ్లిపోయాడు. తల్లి ఈరోజు లారీ ఎక్కాలి. ఉద్యోగం దొరక్కపోతే వచ్చే లారీలో సరోజమ్మా ఎక్కాలి. అక్కడ రాళ్ల తట్ట మోస్తుంటే ఎనిమిదో తరగతి చదువు తట్ట కింద చుట్టకుదురుకైనా పనికిరాదు.

అందుకే ఆమె గురుస్వామి గడప తొక్కింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అక్కడ గుడారాల కచేరీలో గుమాస్తాగా చేసి, రాజధాని మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు పోయేటప్పుడు "నేను రాను పోండి" అని సొంతూరు వచ్చేసిన మనిషి ఆయన. ఒక చిన్న గది అద్దెకు తీసుకుని 'శ్రీ చెన్నకేశవ ఉద్యోగ సలహా కార్యాలయం' అని బోర్డు కట్టాడు. ఊళ్లో ఎవరూ అంత పొడుగు పేరు పలకరు. ఉద్యోగాల దుకాణం అంటారు. పని వెతుక్కునేవాళ్ల దగ్గర ఆయన ఏమీ పుచ్చుకోడు. మనిషి కావలసిన కంపెనీ ఇస్తుంది. సొంత చుట్టాలను ఎక్కడికీ సిఫారసు చెయ్యడు. ఆయన అన్న కొడుకే పని లేక తిరుగుతూ, ఈ చిన్నాయనతో మాటలు మానేశాడు.

సరోజమ్మ ఆత్రం కొద్దీ మొదట ఒక తెలివితక్కువ పని చేసింది. గురుస్వామికి చెప్పి ఊరుకోక, కూలీలను తోలే లింగయ్య మేస్త్రీకి కూడా తన సంగతి చెప్పింది. ఇద్దరూ ఆమెను గిద్దలూరులో ఒకే పత్తి మిల్లుకు పంపారు. మిల్లు యజమాని ఇద్దరి సిఫారసులూ చూసి, ఒకే మనిషిని ఇద్దరు బేరం పెడుతున్నారంటే ఇందులో ఏదో మతలబుందని తలుపేసుకున్నాడు. ఆ వారం మీలో కొందరు సరోజమ్మను తిడుతూ నాకు కార్డులు రాశారు. ఆమె మీకంటే ముందే గురుస్వామి చేత తినవలసిన చీవాట్లన్నీ తిన్నది.

ఇక లోపలికి పదండి.

"గురుస్వామిగారూ, ఆ అమ్మాయిని తీసుకుని రండి" అని మేనేజరు గొంతు వినిపించింది. పొద్దున ఆ గొంతులో ఉన్న మెత్తదనం ఇప్పుడు లేదు.

సరోజమ్మ గడప దాటగానే చూసింది టేబుల్ మీదున్న పలకను. పొద్దున మాటలయ్యాక మేనేజరు బలపంతో దానిమీద 'సరోజమ్మ, సూపర్వైజరు' అని గుండ్రంగా రాసుకున్నాడు. ఇప్పుడు అది తడిగుడ్డతో తుడిచి ఉంది. తడి ఇంకా ఆరలేదు. 

మేనేజరుది తెనాలి. సన్నగా, ఇస్త్రీ నలగని మనిషి. మార్కాపురం వచ్చి నెల తిరగలేదు. ఎవరితో ఏం మాట్లాడాలన్నా కాపలా నరసింహులు చేత చెప్పించేవాడు. టీ కూడా ఆ నరసింహులే గేటు దాకా వెళ్లి తెచ్చేవాడు.

"కూర్చోమనట్లేదు, క్షమించాలి" అన్నాడు మేనేజరు. "మా కంపెనీ పాత మేస్త్రీ తన అక్కచెల్లెళ్లనీ, వదినల్నీ, మరదళ్లనీ తెచ్చి షెడ్డు నింపేశాడు. పని చెయ్యని వాళ్లను పొమ్మనేవాడు లేక కంపెనీ గుల్లయింది. అందుకే మా మద్రాసు ప్రొప్రయిటరుగారు ఈసారి చుట్టరికాల మనిషి వద్దన్నారు. మీతో చెప్పానా, లేదా?"

"చెప్పినారు సార్" అన్నాడు గురుస్వామి.

"మీ బంధువుల్ని పంపనని మాటిచ్చారా, లేదా?"

"ఇచ్చినా. ఆ మాట మీదనే ఉండా."

"ఉన్నారా? మరి ఇందాక వరండాలో ఈ అమ్మాయి మిమ్మల్నేమని పిలిచింది?"

గురుస్వామి సరోజమ్మ వైపు చూశాడు. సరోజమ్మకు వెంటనే తట్టలేదు. తరవాత గుర్తొచ్చింది. ఎండకు ఆయన కండువాతో మొహం తుడుచుకుంటుంటే "చిన్నాయనా, మంచినీళ్లు తెచ్చేదా?" అంది. అంతే.

"చిన్నాయన అంది! ఈ రెండు చెవులతో విన్నాను" అన్నాడు మేనేజరు. "మా వైపు దారిన పోయేవాణ్ణి కూడా బాబాయ్ అంటాం. అది ఉత్త పిలుపు. చిన్నాన్న అంటే మాత్రం తండ్రికి తోడబుట్టినవాడే. పొద్దున మీరు 'మా పాప గట్టిది సార్' అన్నప్పుడే నేను పోల్చుకోవలసింది. అన్న కూతుర్ని తెచ్చి, మాకు అంటగట్టి, పైగా మా దగ్గరే రుసుము పుచ్చుకుందామనుకున్నారు!"

సరోజమ్మకు చెంపమీద కొట్టినట్టయింది. తనకు రాబోయిన ఉద్యోగం ఎటూ పోయింది. దానితోపాటు ఈ మనిషి పరువు కూడా పోతోంది. సాయంత్రంలోగా ఈ మాట ఊళ్లో పలకల కంపెనీలన్నిటికీ పాకుతుంది. గురుస్వామి కూడా అందరిలాంటివాడేనట, అన్న కూతుర్ని తోశాడట అంటారు. రేపటినుంచి ఆ దుకాణం గడప ఎవరు తొక్కుతారు? పని కోసం ఆయన్ను నమ్ముకున్న మిగతావాళ్లు ఏమైపోతారు?

ఆ పిలుపు ఆమె నోటికి తనంతట తాను రాలేదు. మొదటిరోజు ఆయన గది బయట, గడపకు ఇవతల నిలబడి "అయ్యా" అని పిలిచింది. పనిచ్చే మనిషిని అయ్యా అనడమే పాలెంలో నేర్చుకున్న మర్యాద. గురుస్వామి కళ్లజోడు పైకి తోసి చూశాడు. "అయ్యా గియ్యా అనేదంతా కర్నూల్లోనే వదిలేసి వచ్చినా. లోపలికి రా. చిన్నాయనా అను, సరిపోతాది" అన్నాడు. ఆరోజు కుర్చీలో కూర్చుని మాట్లాడుతూ ఆమె ఆ మాటను పదిసార్లు అంది. అవసరం లేనిచోట కూడా అంది. అంత సంతోషంగా ఉంది ఆ మాట అనడం.

"సరే, ఒక పని చెయ్యండి" అన్నాడు మేనేజరు, గొంతు కాస్త తగ్గించి. నిజానికి ఆయనకు సరోజమ్మ నచ్చింది. చేతికందిన మంచి మనిషిని వదులుకోవడం ఆయనకూ ఇష్టం లేదు. "ఈ అమ్మాయి నాకేమీ కాదు అని ఒక్క మాట నా ఎదట అనండి. ఎందుకు కాదో చెప్పండి. నమ్ముతాను."

 షెడ్డులో పలకలు రుద్దుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

ఎందుకు కాదో చెప్పడానికి గురుస్వామికి గుక్కెడు ఊపిరి చాలు. మాది గొర్రెల మందలున్న ఇల్లు, ఇది ఊరి బయట క్రైస్తవుల పాలెం పిల్ల, మాకూ వీళ్లకూ చుట్టరికమెక్కడిది సార్ అంటే సరి. మేనేజరు మారుమాట్లాడడు. సరోజమ్మ అన్న పేరులో ఏ మతమూ తెలియదు గనుక ఆయనకు అనుమానం వచ్చింది గానీ, ఆ ముక్క చెవిన పడితే అనుమానం అక్కడికక్కడే చచ్చిపోతుంది. సరోజమ్మ ఆయన పెదవుల వైపే చూస్తోంది. ఆయన అంటాడనే అనుకుంది. అన్నా తప్పు పట్టకూడదని గుండె దిటవు చేసుకుంది.

"రక్తసంబంధం లేదు సార్. చెన్నకేశవస్వామి మీద ఆన" అన్నాడు గురుస్వామి. "ఏమీ గాదని మాత్రం నన్ను అనమనొద్దు. చిన్నాయనా అని పిలవమని నేనే చెప్పినా. పిలిపించుకున్న నోటితో కాదని ఎట్ల అనేది?"

"ఇదేం సమాధానమండీ! అవునా, కాదా?"

"నా సమాధానం అంతే సార్."

సరోజమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన తండ్రి పేరు సీమోను అని తను చెప్పినా ఈ గొడవ తీరిపోతుంది. ఆ పేరంటే ఆమెకు సిగ్గు లేదు. కానీ ఈ మనిషి తన కోసం మింగేసిన మాటను తనే కక్కడం ఆమెకు ఇష్టం లేకపోయింది. మా నాయన పేరు ఎవరైనా మర్యాదగా అడిగితే చెబుతాను, దూరం చూపించడానికి కొలబద్ద కింద వాడను అనుకుంది. అనుకోగానే భయం పోయింది.

గురుస్వామి మొన్న సాయంత్రం కూర్చోబెట్టి చెప్పినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "నేను నీ మనిషిని గాదు, కంపెనీ మనిషిని గాదు, మధ్యలో ఉండేవాణ్ణి. నాతో అబద్ధం చెప్తే నేను వాళ్ల ముందర అబద్ధమైతా. జీతం మాట నాకు వదిలిపెట్టు. నీ పని మాట మాత్రం నువ్వే చెప్పు. ఏం చేతనయితాదని అడిగితే ఏదో మీ దయ సార్ అని మెలికలు తిరగొద్దు. చేతనయ్యేది చేతనయితాదని చెప్పు" అన్నాడు. హాస్టలు కొలువు ఎందుకు పోయిందో కూడా అడిగి చెప్పించుకున్నాడు. బిడ్డను చూద్దామని ఎక్కడినుంచో నడిచొచ్చిన ఒక తల్లి వేళ మించి గేటు ముందర కూలబడితే, సరోజమ్మ తాళం తీసి లోపలికి రానిచ్చింది. అదీ నేరం. "ఆ సంగతి ఇంకొకరు చెప్పేకంటే ముందు నీ నోటితో చెప్పేయ్" అన్నాడు గురుస్వామి.

పొద్దున అట్లాగే చెప్పింది. "మళ్లీ అట్లాంటిదే వస్తే ఏం చేస్తావమ్మా?" అని మేనేజరు అడిగితే, "గేటు తీస్తా సార్. తీసినానని వచ్చి ముందర మీకే చెప్తా" అంది. ఆయన నవ్వి, బలపం తీసుకుని పలక మీద ఆమె పేరు రాసింది అప్పుడే.

"సార్, నేనొక మాట చెప్పొచ్చునా?" అంది సరోజమ్మ.

"చెప్పు."

"మీ తెనాల్లో బాబాయి అనే మాటొకటి, చిన్నాన్న అనే మాటొకటి, రెండున్నాయి. మాకు బాబాయి లేడు సార్. ఇంట్లోవాడైనా, దారిన పోయేవాడైనా చిన్నాయనే. ఉన్న ఒక్క మాటనే అందరికీ సర్దుకుంటాం."

"మాటలకేం లే అమ్మా, ఎన్నైనా చెప్పొచ్చు."

"నా మాట వద్దు. మీకు నమ్మకమున్న మనిషినెవరినైనా పిలిచి అడగండి."

మేనేజరుకు నమ్మకమున్న మనిషి ఆ ఊళ్లో నరసింహులు ఒక్కడే. కేకేశాడు. నరసింహులు తలపాగా సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"నరసింహులూ, నిజం చెప్పు. ఈ అమ్మాయి నీకు తెలుసా?"

"పొద్దున గేటు కాడ చూసినా సార్. అక్క కూతురి వరుస. మామా అని పిలిచింది."

"ఈ గురుస్వామిగారు?"

"మా బావ గదా సార్."

"పాత మేస్త్రీ?"

"ఆయన మాకు తమ్ముడయితాడు."

మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అంటే మొత్తం కంపెనీ అంతా ఒకే ఇల్లన్నమాట! కాపలావాడు మేనమామ, మధ్యవర్తి చిన్నాన్న, పాత దొంగ ఇంకో మేనమామ! నన్ను నడిమధ్యన కూర్చోబెట్టి అందరూ కలిసి నాటకమాడుతున్నారా?"

మంచికని పిలిపిస్తే కొంప మునిగింది. గురుస్వామి నుదురు పట్టుకున్నాడు. తనేం తప్పు మాట్లాడాడో తెలియక నరసింహులు బిక్కమొహం వేశాడు. సరోజమ్మకు ఏడుపు రావలసింది పోయి, ఎక్కడో పొట్టలోంచి నవ్వు తన్నుకొస్తోంది. పెదవి కొరుక్కుని ఆపుకుంది.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని చెంచమ్మ వచ్చింది. గేటు అవతల టీ కొట్టు ఆమెది. నరసింహులు ఎంతకీ రాకపోతే, చేసిన టీ పాడైపోతుందని తనే గ్లాసు పట్టుకుని తీసుకొచ్చింది. మేనేజరును దగ్గరగా చూడటం ఆమెకు ఇదే మొదలు. తేరిపార చూసి, గ్లాసు టేబుల్ మీద ఠక్కున పెట్టింది.

"అల్లుడా, టీ చల్లారిపోతాంది. ముందు తాగు. అరిచేది తర్వాత అరుద్దువు" అంది.

మేనేజరు వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవర్ని? నన్నా?"

"నిన్నే నాయనా. ఈడ ఇంకెవరున్నారు అరిచేవాళ్లు?"

"నేను నీకు అల్లుణ్ణి ఎట్లా అయ్యానమ్మా?"

చెంచమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "వచ్చినకాణ్ణుంచీ నా చేతి టీ తాగుతాంటివి. పరాయోడివి ఎట్లయితావు? కొడుకా అందామంటే, కొడుకు బయటికొచ్చి అమ్మా బాగుండావా అని పలకరిస్తాడు. నువ్వేమో గదిలో కూచ్చుని టీ లోపలికి తెప్పించుకుంటాంటివి. ఇప్పుడు చూస్తే అలిగి నిలబడినావు. అలిగేదెవరు, అల్లుడు గాక?"

నరసింహులు గోడవైపు తిరిగి భుజాలు కదిలేట్టు నవ్వడం మొదలుపెట్టాడు. ఇక సరోజమ్మ ఆపుకోలేదు. ఆపుకోవలసిన అవసరం కూడా లేదనిపించింది.

"చూసినారు గదా సార్" అంది. "చెంచమ్మ నాకు అత్త వరుస. అంటే మీరు కూడా మాకు చుట్టమైపోయినారు. చుట్టాలుంటే కంపెనీకి చేటంటే, ముందర మీరే పెట్టె సర్దుకోవాలె."

గురుస్వామి గుండె ఆగినంత పనయింది. ఉద్యోగం అడగవచ్చిన పిల్ల మేనేజరును పట్టుకుని పెట్టె సర్దుకోమనడం ఆయన ఏ కచేరీలోనూ వినలేదు.

మేనేజరు సరోజమ్మను చూశాడు. చెంచమ్మను చూశాడు. టీ గ్లాసును చూశాడు. కుర్చీలో కూలబడి, టేబుల్ మీద తల వాల్చి, ఇస్త్రీ నలిగిపోయేట్టు నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. నెల్నాళ్లుగా ఎవరూ తనను పేరు పెట్టిగానీ వరుస పెట్టిగానీ పిలవలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసొచ్చింది.

"అత్తగారూ, టీ బాగుంది" అన్నాడు ఒక గుక్క తాగి.

"బాగుండక ఏమైతాది" అనేసి చెంచమ్మ వెళ్లిపోయింది. తను ఒక మనిషి బతుకును నిలబెట్టి పోతున్నానని ఆమెకు తెలియదు.

మేనేజరు బలపం తీసుకున్నాడు. తడి ఆరిన పలక మీద మళ్లీ రాశాడు. ఈసారి అక్షరాలు పొద్దుటికంటే పెద్దవిగా పడ్డాయి. సరోజమ్మ తన పేరును ఒక్కొక్క అక్షరమే చదువుకుంది. చివరి అక్షరం దగ్గరికొచ్చేసరికి ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది.

"జీతం సంగతి..." అని మేనేజరు మొదలుపెట్టగానే ఆమె గురుస్వామి వైపు చూసి ఊరుకుంది. గురుస్వామి అందుకున్నాడు. ఇందాక నోరు పెగలని మనిషి ఇదేనా అన్నట్టు మాట్లాడాడు. పాత మేస్త్రీకి ఇచ్చిందానికి ఒక్క పైసా తగ్గకూడదన్నాడు. ఆడమనిషని తగ్గిస్తే ఇప్పుడే లేచిపోతామన్నాడు. మేనేజరు గొణిగి గొణిగి ఒప్పుకున్నాడు.

"ఇంకొకటి సార్. ఆదివారం పొద్దున ఈ పాపకు సెలవు గావాల."

"ఆదివారం ఎందుకు? అందరికీ అమావాస్య సెలవేగా?"

"చర్చికి పోవాలె సార్" అంది సరోజమ్మ. "మా నాయన పేరు సీమోను. పుల్లలచెరువు కాడ క్రైస్తవుల పాలెం మాది." పని అడగడానికి కాక, పని చేతికందాక, తల ఎత్తుకుని చెప్పింది.

మేనేజరు చేతిలో బలపం ఆగింది. ఆమెనూ గురుస్వామినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు అంతా అర్థమయింది.

"గురుస్వామిగారూ" అన్నాడు నెమ్మదిగా. "ఈ ఒక్క ముక్క మీరు ముందే చెప్పి ఉంటే నేనిన్ని మాటలనేవాణ్ణి కాదు కదండీ."

"అననిచ్చినా సార్, పోనీలెమ్మని. నా పరువు నిలబెట్టుకునేదానికి ఈ బిడ్డను అంత దూరం తోసేది నాకు చాతగాలే."

సరోజమ్మ వంగి ఆయన కాళ్లకు దండం పెట్టబోతే గురుస్వామి గబుక్కున వెనక్కి జరిగాడు. "ఇట్లాంటివన్నీ వద్దు. నెల తిరిగినాక వచ్చి పని ఎట్లుండాదో చెప్పు. మంచీ చెడ్డా రెండూ చెప్పు. అదే నాకు దండం" అన్నాడు.

మేనేజరు సొరుగు తీసి పెద్ద తాళాలగుత్తి బయటికి తీశాడు. గేటుది, షెడ్డుది, సరుకు గదిది, అన్నీ ఒకే ఇనుప కడియానికి ఉన్నాయి. ఆమె చేతిలో పెడుతూ, "ఒక్క షరతు. ప్రొప్రయిటరుగారి మాట, నేను మార్చలేనిది. ఉత్త వరుసలు ఎన్నైనా ఉండనీ. నిజం బంధువులు, కన్నవాళ్లు గానీ తోడబుట్టినవాళ్లు గానీ, నీ కింద కూలికి ఉండకూడదు. ఉన్నారని తెలిస్తే నీ కొలువూ ఉండదు" అన్నాడు.

"ఉండరు సార్" అంది సరోజమ్మ తడుముకోకుండా. ఉండటానికి ఎవరున్నారు? తండ్రి సాగరంలో ఉన్నాడు. తల్లి ఈపాటికి లారీలో ఉంటుంది.

గుత్తి బరువుగా ఉంది. ఆ బరువు ఆమెకు ఎంతో నచ్చింది. వరండాలోకి రాగానే నరసింహులు ఎదురొచ్చి, "పాపా, కొత్త కూలీలు వచ్చినారు. గేటు నువ్వే తీయాల ఇప్పుడు" అన్నాడు. కొత్త సూపర్వైజరు మొదటి తాళం తీస్తుంటే చూద్దామని మేనేజరు కూడా టీ గ్లాసు పట్టుకునే బయటికి వచ్చాడు. గురుస్వామి చెప్పులు వేసుకుంటూ మెట్ల మీద నిలబడ్డాడు.

హాస్టలు గేటు సరోజమ్మ ఎవరినీ అడక్కుండా తీసింది. ఇది అందరి ఎదట తీస్తోంది. తాళం ఒక్క తిప్పుకే వచ్చేసింది. గేటు బార్లా తెరిచింది. బయట లింగయ్య మేస్త్రీ ఒక గుంపు ఆడవాళ్లను వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు. గుత్తి ఎవరి చేతిలో ఉందో చూసి ఆయన మొహం మాడిపోయింది. పక్కకు తప్పుకున్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. వాళ్లను చూసి, పేరడిగి, నీడలో నిలబడమంటోంది సరోజమ్మ. అందరికంటే వెనక, నెత్తిన మూటతో ఒకామె వచ్చింది.

"సరోజా!"

సరోజమ్మ చెయ్యి గేటు మీదే ఉండిపోయింది.

"లారీ ఎక్కబుద్ధి గాలేదే" అంది ఆమె మూట దించుతూ. "మీ నాయన మగోడు, ఎట్లో బతుకుతాడు. నిన్నొక్కదాన్ని ఈడ ఇడిసిపెట్టి ఎట్ల పోయేది? పలకల పని ఉండాదని చెప్తే లింగయ్య ఎంబడి వచ్చేసినా. ఇదేంది నీ చేతిలో? తాళాలా? నీ చేతికే ఇచ్చినారా?" ఆ ముసలి కళ్లు వెలిగిపోయాయి. పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగి, అందరూ చూడమన్నట్టు నవ్వింది.

వరండా మీంచి మేనేజరు నవ్వుతూ కేకేశాడు. ఆయన ఇప్పుడు కొత్త విద్య నేర్చిన ఉత్సాహంలో ఉన్నాడు.

"సరోజమ్మా, ఈవిడ ఏ వరస? అత్తా, పిన్నమ్మా?"

"అమ్మ, సార్."

"అనుకున్నాను! ఇక్కడ పెద్దవాళ్లంతా అమ్మలే. నేర్చుకుంటున్నాను, నేర్చుకుంటున్నాను." ఆయన గ్లాసు ఎత్తి మిగిలిన టీ తాగేశాడు.

అంతటితో ఊరుకుంటే చాలు. అబద్ధం ఆడనక్కర్లేదు. తను గెలిచిన మాటే తనకు తలుపు తీసి పట్టుకుంది. తల్లి నీడలోకి నడిచిపోతుంది, తాళాలు తన దగ్గరే ఉంటాయి. సరోజమ్మ గురుస్వామి వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకుని, పేర్చిన పలకల వైపు చూస్తున్నాడు. చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు.

సరోజమ్మ తల్లి చెయ్యి పట్టుకుంది. పట్టుకునే వరండా వైపు నాలుగడుగులు వేసింది.

"గేటు తీసినానని ముందర మీకే చెప్తా అన్నా గదా సార్, చెప్తాండా. వాళ్లంతా వరుసకు చుట్టాలు. ఈమె మాత్రం నన్ను కన్న అమ్మ. పేరు మగ్దలీనమ్మ."

మేనేజరు నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది. గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు. ఒక్కొక్క మెట్టూ దిగి ఆమె ఎదటికొచ్చి నిలబడి, కుడిచెయ్యి చాపాడు. అది తాళాల కోసమో, చెయ్యి కలపడానికో వచ్చే వారం చూద్దాం.